స్ప్లిట్ ఏసీ సంరక్షణ: మనం చేసుకోవాల్సినవి, మెకానిక్ చేత చేయించాల్సినవి

ఉగాది దాటాక ఎండలు ముదురుతాయి. ఏసీ వేస్తే గది మునుపటిలా చల్లబడదు. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు చూసి, "గ్యాస్ అయిపోయిందండి, ఫిల్లింగ్ చేయాలి" అంటాడు. మనం డబ్బులిచ్చేస్తాం. మళ్లీ వచ్చే వేసవిలో అదే మాట వింటాం.

ఏసీలోని గ్యాస్ వాడే కొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉండి తీరాలి. లీకు కట్టకుండా గ్యాస్ నింపడం, పంక్చర్ వేయించకుండా ట్యూబులో గాలి కొట్టించుకోవడమే. పైగా చల్లదనం తగ్గిన ఇళ్లలో చాలావాటికి అసలు గ్యాస్ సమస్యే ఉండదు. ఫిల్టర్ మీద, కాయిల్ మీద పేరుకున్న దుమ్మే కారణం. అందుకే ఈ వ్యాసంలో ముందు గాలి దారి గురించి, తర్వాత నీటి దారి గురించి, ఆ తర్వాతే గ్యాస్ గురించి చెబుతున్నాను. ఏసీ చల్లబరచడం లేదనిపించినప్పుడు మీరు చూసుకోవాల్సిన వరుస కూడా ఇదే.

మిషన్ చేసే పని ఏమిటి

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ గది గాలిలో ఉన్న వేడినీ తేమనూ లాగుతుంది. ఔట్‌డోర్ యూనిట్‌లోని కాయిల్ ఆ వేడిని బయటి గాలిలోకి వదులుతుంది. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం), అంటే దాదాపు మూడున్నర కిలోవాట్ల వేడి. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి స్థాయిలో నడుస్తున్నప్పుడు గదిలోంచి 5 కిలోవాట్లకు పైగా వేడిని తీస్తుంది. దానికి గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ వేడి కూడా తోడై, అంతా ఔట్‌డోర్ యూనిట్‌లోంచే పోవాలి. రెండు కాయిళ్ల మీదుగా గాలి ధారాళంగా వెళ్తేనే ఇది సాధ్యం.

ఇంకో సంగతి. డబ్బా మీద రాసే టన్నుల లెక్క బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. రోహిణి కార్తెలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు దాటితే కొత్త ఏసీ కూడా అంత వేడిని తీయలేదు. దానికి మురికి పట్టిన కాయిల్ తోడైతే గది చల్లబడదు, కరెంటు మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి సర్వీసింగ్ ఫిబ్రవరిలోనో, మార్చి మొదట్లోనో చేయించండి. ఎండలు ముదిరాక మెకానిక్‌లు దొరకరు, దొరికినా తొందరలో పై పైన కడిగి వెళ్లిపోతారు.

చేయి పెట్టే ముందు

రిమోట్‌తో ఆపితే సరిపోదు. గోడ మీది స్విచ్ గానీ ఎంసీబీ (కరెంటు బోర్డులోని ట్రిప్ స్విచ్) గానీ ఆపండి. స్టెబిలైజర్ ఉంటే దాన్నీ ఆపండి. ఐదు నిమిషాలు ఆగాకే మూత తీయండి. ఔట్‌డోర్ యూనిట్‌లోని కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచుకునే భాగాలు), ఇన్వర్టర్ ఏసీలో (కంప్రెసర్ వేగం అవసరాన్ని బట్టి మారే రకం) అయితే ఎలక్ట్రానిక్ కార్డు, కరెంటు ఆపాక కూడా కొంతసేపు షాక్ కొట్టగలవు. స్క్రూలు విప్పి ఔట్‌డోర్ యూనిట్ లోపల చేయి పెట్టే పని మనది కాదు.

అంతకన్నా ముఖ్యమైన మాట. అపార్ట్‌మెంట్‌లో ఔట్‌డోర్ యూనిట్ సజ్జా మీదో గోడకు వేలాడుతూనో ఉంటే, కిటికీలోంచి వంగి దాన్ని కడగాలని చూడకండి. మెకానిక్‌ను కూడా బెల్టు, తాడు లేకుండా దిగనివ్వకండి. అవి తెచ్చుకోలేదంటే ఇంకో రోజు రమ్మనండి. ఏ ఏసీ కోసమూ ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

ఫిల్టర్లు: రెండు వారాలకోసారి

ఏసీ సంరక్షణలో సగం పని ఇదే. పది నిమిషాలు చాలు, పనిముట్లు అక్కర్లేదు.

1. ముందు ప్యానెల్‌ను రెండు పక్కలా పట్టుకుని పైకెత్తండి. క్లిక్ అని నిలబడుతుంది. 
2. ఫిల్టర్ జాలీని కాస్త పైకి నెట్టి, కిందికి లాగితే బయటికొస్తుంది. చాలా మోడళ్లలో రెండు ఉంటాయి. 
3. దుమ్ము ఎక్కువగా ఉంటే ముందు పొడిగా దులపండి. తర్వాత కుళాయి కింద వెనకవైపు నుంచి నీళ్లు పట్టండి. దుమ్ము పట్టిన వైపు నుంచి పడితే అది జాలీలోకి ఇంకా దూరుతుంది. 
4. జిడ్డుగా ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తని బ్రష్‌తో రుద్దండి. వేడినీళ్లు వద్దు, జాలీ వంకర పోతుంది. 
5. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. తడిగా పెడితే ముక్కవాసన వస్తుంది.

వంటగదికి ఆనుకున్న హాల్లో ఏసీ ఉంటే తాలింపు పొగ, నూనె ఆవిరి జాలీకి పట్టి దుమ్మును అంటించుకుంటాయి. అలాంటి చోట వారానికోసారి చూడాలి. అగరుబత్తి పొగ కూడా అంతే. పక్కన ఇల్లు కడుతుంటే రెండు వారాలు కూడా ఆగకండి. హైదరాబాద్ శివార్లలో ఈ పరిస్థితి ఎప్పుడూ ఉండేదే.

ఫిల్టర్లు తీసినప్పుడే వెనక కనిపించే వెండి రంగు రేకుల మీద టార్చి వేసి చూడండి. అదే కూలింగ్ కాయిల్. పైన పలచగా దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి, రేకులు వంగకుండా తీసేయొచ్చు. అడ్డంగా రుద్దితే రేకులు నలిగి గాలి దారి మూసుకుపోతుంది. నల్లగా, జిగురుగా ఉంటే అది వాటర్ సర్వీస్, అంటే మెకానిక్ జెట్ పంపుతో కడగాల్సిన పని.

నీళ్లు కారుతున్నాయా

ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదకు నీళ్లు కారితే చాలామంది కంగారు పడతారు. గదిలోని తేమ కాయిల్ మీద నీరై, కింద ఉన్న ట్రేలో పడి, డ్రైన్ పైపు ద్వారా బయటికి పోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో రోజుకు కొన్ని బకెట్ల దాకా నీరు రావచ్చు. ఆ దారిలో దుమ్ము, పాచి కలిసి జిగురు కడుతుంది. నీరు వెనక్కి తన్ని గది లోపలికి కారుతుంది.

సీజన్ మొదట్లో, తర్వాత రెండు నెలలకోసారి ఇలా పరీక్షించండి. పవర్ ఆపి, ఫిల్టర్లు తీసి, గ్లాసుడు నీళ్లను కాయిల్ ఎడమ వైపు మెల్లగా పోయండి. చాలా మోడళ్లలో ఎలక్ట్రికల్ భాగం కుడి వైపు ఉంటుంది, ఆ పక్కకు నీళ్లు పోనివ్వకండి. బయట పైపు చివర నుంచి నీళ్లు ధారగా వస్తే దారి బాగుంది. చుక్కలు చుక్కలుగా వచ్చినా, రాకపోయినా అడ్డు ఉన్నట్టే. పైపు చివర్న నోటితో ఊదకండి. తడిపొడి వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే బయటి కొసకు పెట్టి లాగితే ఆ జిగురు వచ్చేస్తుంది. లేకపోతే సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్ కలిపి కొంచెం కొంచెంగా పోసి, అరగంట ఆగి, మంచినీళ్లతో కడగండి.

పైపు ఎక్కడా పైకి లేవకూడదు, మధ్యలో కిందికి జారి వంపు తిరగకూడదు. బకెట్ పెట్టి నీళ్లు పట్టేవాళ్లు పైపు చివర నీళ్లలో మునగకుండా చూసుకోవాలి. మునిగితే లోపలి గాలి బయటికి రాలేక నీరు ఆగిపోతుంది. ఆ బకెట్‌ను రోజూ ఖాళీ చేయండి. డెంగీ దోమలు పెరిగేది ఇలా నిలవ ఉన్న మంచినీటిలోనే. ఆ నీటితో ఇల్లు తుడవొచ్చు, కుండీల మొక్కలకు పోయొచ్చు. తాగడానికీ వంటకూ మాత్రం పనికిరాదు.

ఒక్కోసారి నీరు కారేది డ్రైన్ నుంచి కాదు. రాగి గొట్టాల మీద చుట్టిన నల్ల స్పాంజి చిరిగితే ఆ చోట గొట్టం చెమర్చి చుక్కలు పడతాయి. కొత్త స్పాంజి, టేపు చుట్టిస్తే ఆగిపోతుంది.

వాసన

ఏసీ వేయగానే తడి సాక్సుల వాసన వస్తే, కాయిల్ మీద, గాలి తోసే బ్లోయర్ రోలర్ మీద బూజు పట్టిందని అర్థం. రోలర్ రెక్కల్లో నల్లటి పొర కడుతుంది. గాలి తగ్గడానికి కూడా అదే కారణం. రూమ్ ఫ్రెషనర్ కొట్టడం దండగ. జెట్ పంపుతో రోలర్‌ను కూడా కడిగించాలి. తర్వాత ఆ వాసన తిరిగి రాకుండా ఒక అలవాటు చేసుకోండి. పొద్దున్నే ఏసీ ఆపే ముందు పది, పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో ఉంచండి. కాయిల్ ఆరిపోతుంది. కొత్త మోడళ్లలో ఆపాక కూడా ఫ్యాన్ కాసేపు దానంతటదే తిరిగేది ఇందుకే. అలా తిరుగుతుంటే గోడ స్విచ్ వెంటనే ఆపేయకండి.

ఔట్‌డోర్ యూనిట్: అందరూ మరిచిపోయేది

ఇంట్లో కనిపించే తెల్ల పెట్టెను తుడుస్తాం. ఎండలో, వానలో పడి ఉన్న రెండో పెట్టెను పట్టించుకోం. నా దృష్టిలో బిల్లు పెరగడానికీ, కంప్రెసర్ పోవడానికీ ఎక్కువగా దారి తీసేది ఈ నిర్లక్ష్యమే.

ముందు చోటు చూడండి. ఫ్యాన్ ముందు గాలి వేగంగా బయటికి వెళ్లాలి. అక్కడ గోడ, బట్టల స్టాండు, పాత సామాను ఉండకూడదు. వెనక వైపు గాలి లోపలికి వస్తుంది కాబట్టి అక్కడా జానెడు ఖాళీ అయినా ఉండాలి. ఎండ పడుతోందని రేకులతో పెట్టెలా కట్టేస్తే తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నీడ కావాలంటే పైన ఎత్తుగా ఒక రేకు, అంతవరకే. వానకు తడుస్తుందని ప్లాస్టిక్ కవరు కప్పి ఏసీ నడపడం మరీ ప్రమాదం. వాన దానికి ఏమీ చేయదు, బయట ఉండటానికే తయారైంది.

ఇప్పుడు కడగడం. యూనిట్ డాబా మీదో, బాల్కనీలోనో సురక్షితంగా అందేలా ఉంటేనే ఇది మీరు చేయొచ్చు. పవర్ పూర్తిగా ఆపండి. వెనక రేకుల మీది ఆకులు, ఈకలు, సాలెగూళ్లు చేత్తో తీయండి. మెత్తని బ్రష్‌తో నిలువుగా దులపండి. తర్వాత తోట పైపుతో మామూలు ధారగా నీళ్లు పట్టండి. బళ్లు కడిగే ప్రెషర్ గన్‌తో దగ్గర నుంచి కొడితే రేకులు పడుకుండిపోతాయి. వైర్లు వెళ్లే పక్క మూత మీద నీళ్లు కొట్టకండి. అరగంట ఆరాక పవర్ వేయండి.

ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది కూడా ముఖ్యం. బోరు నీటిలో ఉప్పదనం, సున్నం ఎక్కువగా ఉంటే ఆరాక కాయిల్ మీద తెల్లపొర మిగులుతుంది. కుళాయి పక్కన టైల్స్ మీద తెల్ల మచ్చలు పడే ఇళ్లలో మున్సిపల్ నీళ్లు వాడండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ఉప్పు గాలి కాయిల్‌ను తినేస్తుంది. అక్కడ ఏసీ వాడినా వాడకపోయినా నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. స్టాండు బోల్టులు తుప్పు పట్టాయేమో ఏటా చూడాలి. తుప్పు తిన్న స్టాండు నుంచి ముప్పై, నలభై కిలోల యూనిట్ కిందపడితే దాని కింద ఎవరుంటారో చెప్పలేం. మురుగు కాలువల పక్కన కూడా రాగి గొట్టాలు త్వరగా నల్లబడి చిల్లులు పడతాయి. అలాంటి చోట యూనిట్‌ను వీలైతే డాబా మీదికి మార్చుకోవడం మేలు.

పావురాలు ఇంకో సమస్య. యూనిట్ వెనక గూడు కట్టి, రెట్టలతో కాయిల్ మూసేస్తాయి. గుడ్లు, పిల్లలు లేనప్పుడు గూడు తీసేసి, చుట్టూ వల కట్టించండి. రెట్టలను పొడిగా ఊడ్చకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, తడిపి తీయాలి. లోపల కార్డు మీదకు బల్లులు, చీమలు దూరి షార్ట్ అవడం మన దగ్గర మామూలే. సర్వీసింగ్ అయ్యాక స్క్రూలన్నీ బిగించారా, వైరు వెళ్లే రంధ్రం మూశారా అని ఒకసారి చూసుకోండి.

కరెంటు

ఒకటిన్నర టన్నుల ఏసీకి 16 ఆంపియర్ల సాకెట్, దానికంటూ విడిగా ఎంసీబీ, 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఏసీ నడపకూడదు. నెలకోసారి, ఏసీ గంటసేపు నడిచాక ఆపి, ప్లగ్‌ను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారినా, కాలిన వాసన వచ్చినా వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

లో వోల్టేజి ఉన్న ఊళ్లలో స్టెబిలైజర్ తప్పనిసరి. ఇన్వర్టర్ ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదని చెబుతారు. అది ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకో ఆ ఏసీ పుస్తకంలోనే రాసి ఉంటుంది. మీ ఊళ్లో వోల్టేజి ఆ హద్దులు దాటుతుంటే పెట్టించుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు నిమిషాలు ఆగి వేయడం కంప్రెసర్‌కు మంచిది. ఉరుములు, మెరుపుల వేళ ప్లగ్ తీసేయండి.

సెట్టింగ్ విషయం క్లుప్తంగా. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని స్టార్ రేటింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ అంచనా. 18లో పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పితే నిద్రకు హాయిగా ఉంటుంది.

నిజంగా గ్యాస్ తగ్గిందా? ఇంట్లోనే పరీక్ష

ఫిల్టర్లు కడిగాక, ఔట్‌డోర్ కాయిల్ శుభ్రం చేశాక మాత్రమే ఇది చేయండి. ఏసీని అతి తక్కువ ఉష్ణోగ్రతలో, ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి ఇరవై నిమిషాలు నడపండి. మామూలు డిజిటల్ థర్మామీటరుతో ఇండోర్ యూనిట్ పైన లోపలికి వెళ్లే గాలి, కింద బయటికొచ్చే గాలి ఉష్ణోగ్రతలు చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే మిషన్ తన పని తాను చేస్తోంది. తీరంలో, తేమ ఎక్కువున్న రోజుల్లో ఈ తేడా కాస్త తక్కువ ఉంటుంది, కంగారొద్దు. తేడా బాగుండి కూడా గది చల్లబడకపోతే తలుపు సందులు, పడమటి కిటికీ మీది ఎండ, పై అంతస్తు శ్లాబు వేడి, గదికి సరిపోని టన్నుల సంగతి ఆలోచించాలి.

తేడా 5 డిగ్రీలు కూడా లేకపోతే ఔట్‌డోర్ యూనిట్‌కు వెళ్లే రెండు రాగి గొట్టాలను గమనించండి. లావు గొట్టం చల్లగా, చెమర్చి ఉండాలి. సన్న గొట్టం వాల్వు దగ్గర తెల్లగా మంచు పట్టి ఉంటే గ్యాస్ తగ్గిందనడానికి బలమైన గుర్తు. జాయింట్ల దగ్గర నూనె మరక ఉంటే లీకు అక్కడే. ఇండోర్ కాయిల్ మొత్తం మంచు కట్టి ఉంటే ముందు గాలి దారిని అనుమానించండి. ఏసీ ఆపి, ఫ్యాన్ మోడ్‌లో కరగనివ్వండి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకితే కాయిల్‌కు చిల్లు పడుతుంది.

ఔట్‌డోర్ యూనిట్ గుర్రుమని శబ్దం చేస్తూ ఫ్యాన్ తిరగకపోతే, పాత రకం ఏసీల్లో అది చాలావరకు కెపాసిటర్ సమస్య. చిన్న ఖర్చుతో పోయేది. దానికి కూడా గ్యాస్ ఫిల్లింగ్ బిల్లు కట్టినవాళ్లున్నారు.

మెకానిక్ వచ్చినప్పుడు

మంచి మెకానిక్‌కు ప్రశ్నలంటే కోపం రాదు. ఏ గ్యాసో యూనిట్ స్టిక్కర్ మీద ఉంటుంది, ఎంత బరువు నింపాలో కూడా అక్కడే ఉంటుంది. పాతవాటిలో ఆర్-22, తర్వాతివాటిలో ఆర్-410ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-32, కొన్నింటిలో ఆర్-290. ఒకదానికి బదులు ఇంకోటి నింపనివ్వకండి. ఆర్-32కు కొంత మండే గుణం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేన్, తేలిగ్గా అంటుకుంటుంది. గ్యాస్ లోపల ఉండగా గొట్టానికి వెల్డింగ్ మంట పెట్టకూడదు.

లీకు వెతకడానికి నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి తగిలిస్తుంటే వెంటనే ఆపించండి. కంప్రెసర్‌లోని నూనెతో ఆక్సిజన్ కలిస్తే పేలిపోతుంది. లీకు కట్టాక వ్యాక్యూమ్ పంపు పెట్టి కనీసం ఇరవై, ముప్పై నిమిషాలు గాలినీ తేమనూ లాగేయాలి. తర్వాత కాటా మీద సిలిండర్ పెట్టి, స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం నింపాలి. ప్రెషర్ మీటరు ముల్లు ఒక్కటే చూసి నింపేస్తానంటే ఒప్పుకోకండి. ఆర్-22లో 60, 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూసిన అలవాటుతో ఆర్-410ఏ, ఆర్-32 మిషన్లను అంచనా వేస్తే లెక్క తప్పుతుంది. వీటిలో ఆ ఒత్తిడి నూరు దాటి ఉంటుంది, ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగాన్ని బట్టి మారుతుంది కూడా.

కాయిల్ మీద యాసిడ్ చల్లి "కొత్తదానిలా మెరిసిపోతుంది" అంటే వద్దనండి. మెరుపు నిజమే, కానీ ఆ మెరుపు అల్యూమినియం రేకు కరిగితే వచ్చేది.

ఆర్-22 ఏసీ ఇంకా వాడుతున్నవాళ్లకు ఒక మాట. ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద ఆ గ్యాస్‌ను దశలవారీగా తీసేస్తున్నారు. ఫిల్టర్లు, డ్రైన్, కెపాసిటర్ లాంటి మరమ్మతులకు ఖర్చు పెట్టండి. కాయిల్‌కే చిల్లు పడితే మాత్రం దాని మీద ఇంకా డబ్బు పోయకుండా కొత్తది కొనుక్కోవడమే నయం.

చలికాలం, ఇల్లు మారడం

దీపావళి తర్వాత ఏసీ అవసరం తగ్గుతుంది. ఆపేసే ముందు ఫిల్టర్లు కడిగి, ఒక గంట ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలంతా ఆరబెట్టండి. రిమోట్‌లోంచి సెల్స్ తీసేయండి, లేకపోతే కారి కాంటాక్టులు పాడవుతాయి. ఎంసీబీ ఆపేయొచ్చు. నెలకోసారి వేసి పదిహేను నిమిషాలు నడిపితే ఏదైనా లోపం వేసవి రాకముందే బయటపడుతుంది.

ఇల్లు మారేటప్పుడు గొట్టాలు విప్పే ముందు గ్యాస్‌ను ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేయాలి. పంప్ డౌన్ అంటారు. అది చేయకుండా విప్పితే గ్యాస్ అంతా గాల్లో కలిసిపోతుంది. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు గొట్టాల కొసలు మళ్లీ ఫ్లేర్ చేయించండి (అంటే జాయింటులో బిగుసుకునేలా అంచు విప్పారేలా చేయించండి), వ్యాక్యూమ్ పెట్టించండి, జాయింట్లకు సబ్బు నురగ రాయించి మీరే దగ్గరుండి చూడండి. గొట్టం పొడవు పెరిగితే ఎంత గ్యాస్ అదనంగా కావాలో ఏసీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని బిల్లుతో కలిపి దాచిపెట్టుకోండి.